ఎక్స్-రే సారు బ్యాడ్జీ, నేను చెప్పని మాట

పోయిన మంగళవారం పొద్దున, దుకాణం షట్టర్ సగం లేపి వంగి లోపలికి దూరుతుంటే ఫోన్ మోగింది. అవతల సారు భార్య. నేను అక్కా అని పిలుస్తాను. "తమ్ముడూ, మీ సారు వెళ్ళిపోయారయ్యా" అంది. అంతే. ఏడవలేదు. నేను షట్టర్ కింద వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

కాసేపటికి బయటికొచ్చి ఎదురుగా ఉన్న చాయ్ బండి అన్నకు చెప్పాను.

"ఎక్స్-రే సారు పోయిండన్నా."

"ఛల్, పొద్దుగాల్నే షురూ చేసినవా? మనుషుల పానాలతోని మజాకేంది నీకు?"

"నిజంగనే అన్నా."

"నువ్వు నిజం చెప్పిన దినం నేను మంచిగ చాయ్ చేస్త, పో."

తప్పు అతనిది కాదు. మూడేళ్ళ కిందట ఏప్రిల్ ఒకటో తారీఖున, పక్క సందు ఇస్త్రీ ఆయన పోయాడని చెప్పి నలుగురిని పూలదండతో ఆయన బండి దగ్గరికే పంపిన ఘనుణ్ణి నేను. ఆయన వేడి ఇస్త్రీ పెట్టె ఎత్తుకుని నా వెంట అశోక్‌నగర్ చౌరస్తా దాకా పరిగెత్తాడు. అలాంటి నోటితో చావు కబురు చెబితే ఎవడు నమ్ముతాడు? చివరికి చాయ్ అన్న నా ముఖం చూశాడు. ఏం కనిపించిందో తెలియదు, స్టవ్ ఆపేశాడు. గిన్నెలో పాలు పొంగడం ఆగి, మీగడ కట్టడం మొదలైంది. ఇద్దరం దానికేసి చూస్తూ నిలబడ్డాం.

చదివేవాళ్ళకు మా సారు ఎవరో చెప్పాలి. చిక్కడపల్లి లైబ్రరీ దాటి అశోక్‌నగర్ వైపు వచ్చే దారిలో మాదొక పాత మూడంతస్తుల బిల్డింగు. కింద ఒక మడిగెలో నా జిరాక్స్ దుకాణం. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు తెచ్చే నోట్సే నా బతుకు. ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి, నా చేతిమీదుగా ఎంతమంది డిప్యూటీ కలెక్టర్లు అచ్చయ్యారో లెక్క లేదు. పక్క మడిగెలో ఎక్స్-రే సెంటరు. దానికో యజమాని డాక్టరు ఉన్నాడు. రోజుకో గంట వచ్చి కుర్చీలో తిరిగి పోతాడు. మిగతా సెంటరంతా సారే. ఫిల్ము కడిగిన రోజుల నుంచి కంప్యూటర్లో బొమ్మ వచ్చే రోజుల దాకా అదే గది, అదే టేబుల్. సారుది తెనాలి వైపు. వాళ్ళ నాన్న ఉద్యోగం మీద ఎప్పుడో వచ్చి నారాయణగూడలో దిగారట. నలభై ఏళ్ళు పైబడి హైదరాబాదులో ఉన్నా ఆయన నోట ఒక్కనాడూ "ఏంది" రాలేదు. నా పేరు కూడా రాలేదు. "ఏమోయ్ జిరాక్సూ" అనేవారు.

మా రెండు మడిగెలకు మధ్య ఒక్క గోడ. రోజంతా ఆ గోడలోంచి సారు గొంతు వినపడేది. "ఊపిరి పీల్చండి... పట్టండి... కదలొద్దు... ఆఁ, వదలండి." ఆ "పట్టండి"కి, "వదలండి"కి మధ్య నేను కూడా తెలియకుండానే ఊపిరి పట్టేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది, "నీకేం రోగమని పడుతున్నవు" అని. సారు సెలవు పెట్టిన రోజు నాకు సరిగ్గా ఊపిరి ఆడనట్టే ఉండేది. నిజం, ఇది మజాక్ కాదు.

ఆయనకు కొన్ని అలవాట్లు. చెప్పులు గది బయట విప్పేవారు, గుడికి వెళ్ళినట్టు. అడిగితే, "కనపడని దాంతో పనిచేసేవాడు కాస్త అణకువగా ఉండాలోయ్" అనేవారు. ఆడమనిషి ఎవరొచ్చినా ముందు గొంతు తగ్గించి ఒక్క ప్రశ్న వేసేవారు, "అమ్మా, నెల తప్పారా?" అని. దానికి కొందరు కస్సుమన్నా పట్టించుకునేవారు కాదు. ఇంకో అలవాటుంది. అది మంచిదో చెడ్డదో నేనిప్పటికీ తేల్చుకోలేను. చంటిపిల్లలు టేబుల్ మీద ఆగరు కదా. తల్లిని పట్టుకోమనాలి, కిరణాలను ఆపే సీసపు ఏప్రాన్ ఆమెకు తొడగాలి. సారు తల్లిని బయటికి పంపేసేవారు. "మీరు వెళ్ళండమ్మా, నేను చూసుకుంటా" అని పిల్లను తనే పట్టుకునేవారు. బటన్ బయట నర్సమ్మ నొక్కేది. ఏప్రాన్ వేసుకునేవారు, నిజమే. కానీ చేతులకు ఏప్రాన్ ఉండదు, ముఖానికి ఉండదు. ముసలివాళ్ళు వణికినా అంతే. ఎన్ని వందల పిల్లల్ని అలా పట్టుకున్నారో ఏ రిజిస్టర్లోనూ లేదు.

నాకు ఆయన పాఠం చెప్పిన రోజు బాగా గుర్తుంది. నా మిషన్ డ్రమ్ము మీద సన్నటి గీత పడింది. తీసిన ప్రతి కాపీ మీదా నల్లటి వెంట్రుకలాగా అదే గీత. ఓ అభ్యర్థి "ఏందన్నా ఇది, భారతదేశ పటం మధ్యల కొత్త సరిహద్దు గీసినవ్" అని లొల్లి పెట్టుకుంటుంటే సారు చాయ్ గ్లాసుతో వచ్చారు.

"గీత ఎక్కడ పడిందోయ్?"

"డ్రమ్ము మీద సార్."

"మరి కాగితాల మీద?"

"అన్నిటి మీద వస్తున్నది."

"చూశావా. కాగితం చిరిగితే ఒక్క కాగితమే పోతుంది. డ్రమ్ము మీద గీత పడితే తీసిన ప్రతి కాపీకీ అదే గీత. నా గదిలో కిరణాలు చేసే పని అదే." గ్లాసు కౌంటర్ మీద పెట్టి కూర్చున్నారు. "మన రక్తం ఎక్కడ తయారవుతుందనుకున్నావ్? ఎముకల్లో. మటన్ కొట్టు దగ్గర మూలుగ బొక్క వెయ్యమంటావు చూడు, ఆ మూలుగలో. అది నీ దుకాణం లాంటిది, కాపీలు తీస్తూనే ఉంటుంది. ఆపితే మనిషి లేడు. ప్రతి కణంలోనూ రెండు పోగుల దారం ఒకటుంటుంది, డీఎన్ఏ అంటారు. ఏం అచ్చు వెయ్యాలో అందులో రాసుంటుంది. కిరణం పోతూ పోతూ ఒక పోగు తెంపిందనుకో, ఫర్వాలేదు. రెండో పోగును చూసి కణం మళ్ళీ అల్లుకుంటుంది. రెండూ ఒక్కచోటే తెగితే చిక్కు. ఏ కొసను ఏ కొసకు కట్టాలో దానికి తెలీదు. తప్పు ముడి వేస్తుంది."

"వేస్తే?"

"చాలాసార్లు ఆ కణం చచ్చిపోతుంది. చస్తే పీడా పోయింది. చావకుండా, ఆ తప్పు ముడితోనే కాపీలు తియ్యడం మొదలెట్టిందనుకో..." అని ఆగి చాయ్ మీద ఊదారు. 

"ఎన్నొద్దులకు ఎర్కయితది సార్?"

"పదేళ్ళకు తెలియచ్చు. ముప్పై ఏళ్ళకు తెలియచ్చు. అసలేమీ కాకుండా హాయిగా పోవచ్చు. నొప్పుండదు, మంటుండదు. ఒళ్ళు చెప్పదు. అందుకే ఇది." జేబుకు తగిలించుకున్న బ్యాడ్జీని వేలితో తట్టారు. "ఒళ్ళు చెప్పనిది ఇది చెబుతుంది. దీని దగ్గర దాచలేం."

ఆ బ్యాడ్జీ అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా. లోపల రేకు మీద మూడు తెల్లటి బిళ్ళలు. ఎక్స్-రే పని చేసేవాళ్ళు ఛాతీ మీద పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి పోస్టులో పంపితే, ప్రయోగశాలలో ఆ బిళ్ళల్ని వేడి చేస్తారట. ఎంత కిరణం తిన్నాయో అంత వెలుగు కక్కుతాయట. దాన్నిబట్టి ఈ మనిషికి ఇంత తగిలింది అని రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టు కాపీ తీయించుకోవడానికి సారు నా దగ్గరికే వచ్చేవారు.

"దీని దగ్గర దాచలేం" అన్న మాట నా బుర్రలో పడకుండా ఉంటే బాగుండేది. నాలాంటివాడికి అలాంటి మాట వినపడితే చెయ్యి ఊరుకోదు.

పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు ముప్పై మూడు, పిల్లలు పుట్టేశారు, బుద్ధి మాత్రం పుట్టలేదు. మధ్యాహ్నం సారు కోటు మేకుకు తగిలించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. నేను బ్యాడ్జీ ఊడబీకి, ఎక్స్-రే టేబుల్ మీద పరుపు దుప్పటి కింద, ఓ మూలకు తోశాను. నా లెక్క ఏమిటంటే సాయంత్రం దాకా వెతికిస్తాను, కాస్త ఏడిపిస్తాను, తరవాత ఇచ్చి చాయ్ తాగిస్తాను.

సారు వెతికారు. మామూలుగా కాదు. చెత్తబుట్ట బోర్లించారు. ఇంట్లో అక్క చేత ఉతికే బట్టలన్నీ దులిపించారు. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌కు పోయి, పొద్దున బెండకాయలు కొన్న బండి కింద కూడా వంగి చూశారు. "ఏం సార్ పరేషాన్ అయిండ్రు, బంగారు గొలుసు పోయిందా?" అని అందరిముందూ అన్నాను నేను. అంత మజా వచ్చాక ఆ సాయంత్రమే ఎలా ఇస్తాను? ఆరు రోజులు ఉంచాను. ఆ ఆరు రోజులూ ఆ టేబుల్ మీద నడుములు, మోకాళ్ళు, తుంటి ఎముకలు తీస్తూనే ఉన్నారు. ఆ రోజుల్లో, కిరణం ఎంత మేర పడాలో సరిచేసే వెలుతురు పెట్టెను పూర్తిగా తెరిచి కొట్టేవాళ్ళు. రోగికి అటూ ఇటూ కూడా కిరణం పడేది. దుప్పటి కింద మూలన ఉన్న బ్యాడ్జీ మీద తిన్నగా పడింది.

ఏడో రోజు ఇచ్చాను. ఎక్కడ దొరికిందంటే, "మా దుకాణంల కౌంటర్ కింద పడ్డది సార్, మీరే మొన్న ఇడిసిపెట్టిండ్రు" అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. మిఠాయి తెప్పించారు. నేను తిన్నాను.

దుప్పటి కింద పెట్టాను అని ఒక్క ముక్క అప్పుడు చెప్పి ఉంటే, నాలుగు తిట్లు తిట్టి, "బ్యాడ్జీ పొరపాటున టేబుల్ మీద ఉండిపోయింది" అని కాగితం రాసి పంపేవారు. వ్యవహారం అక్కడితో తెగిపోయేది. నాకు ఆ రీడింగు గొడవ అప్పటికి తట్టనేలేదు. బిళ్ళకు కళ్ళుంటాయని ఆయన చెప్పినా, నా బుర్రకెక్కింది "దాచలేం" అన్న సవాలు మాత్రమే.

కొన్నాళ్ళకు రిపోర్టు వచ్చింది. హద్దు దాటింది, వివరణ ఇవ్వండి అని. సారుకు ఏం వివరించాలో తెలియదు. జిరాక్సు కౌంటర్ కింద పడిన బ్యాడ్జీకి ఇంత కిరణం ఎక్కడిది? యజమాని డాక్టరుకు లైసెన్సు భయం పట్టుకుంది. అందరి ముందూ "ఇన్నేళ్ళ సర్వీసు చేసి ఇదా మీ పద్ధతి?" అన్నాడు. మెషిన్ గదిలోకి వెళ్ళకూడదని బయట రిజిస్టర్ దగ్గర కూర్చోబెట్టాడు. చిన్న స్టూల్ మీద, పేషంట్ల పేర్లు రాసుకుంటూ. గోడ అవతల ఎవడో కొత్తవాడు "శ్వాస పట్టు" అని అరిచేవాడు. నాకు ఊపిరి ఆడేది కాదు.

సారు రక్తం తీసి ప్రయోగశాలకు పంపారు. తెల్లకణాలను అక్కడ పెంచి, వాటిలో దారపు కట్టలు, అదే క్రోమోజోములు, ఎలా ఉన్నాయో సూక్ష్మదర్శినిలో చూస్తారట. ఒక్కో కట్టకు ఒక్కటే నడుము ఉండాలి. గట్టిగా కిరణం తగిలి తప్పు ముడులు పడితే రెండు నడుములున్న కట్టలు కనిపిస్తాయట. ఫలితం వచ్చేదాకా అక్క ప్రతిరోజూ నా దుకాణం ముందు నుంచే పోయేది. "తమ్ముడూ, అంతా మంచే అవుతుంది కదూ?" అని నన్ను అడిగేది. నన్ను! "అయితది అక్కా" అనేవాణ్ణి.

మంచే అయింది. దారాలు బాగున్నాయి. తగిలింది బ్యాడ్జీకే, మనిషికి కాదు అని తేల్చారు. సారు మళ్ళీ గదిలోకి వెళ్ళారు. గోడలోంచి "ఊపిరి పీల్చండి" వినపడింది. నేను బయటపడ్డాననుకున్నాను. ఇక చెప్పాల్సిన అవసరమేముంది?

కానీ ఆ తరవాత సారు కోటు మీద బ్యాడ్జీ కనిపించలేదు. అడిగితే, రిజిస్టర్ టేబుల్ సొరుగు తెరిచి చూపించారు. బిస్కట్ల రేకు డబ్బాలో పడుకుని ఉంది. "ఇంకోసారి ఆ స్టూల్ మీద కూర్చోలేనోయ్" అన్నారు. మూడు నెలలకోసారి డబ్బాలోంచి తీసి పంపేవారు. ఏమీ తగల్లేదని రిపోర్టు వచ్చేది. నా దగ్గరే కాపీ తీయించి ఫైల్లో పెట్టేవారు. సున్నా. సున్నా. సున్నా. చంటిపిల్లలు వస్తూనే ఉన్నారు, తల్లులను ఆయన బయటికి పంపుతూనే ఉన్నారు. ఆ సున్నాలన్నీ నా మిషన్లోంచే వచ్చాయి. నాకు తెలిసీ కాపీ తీసిచ్చాను.

కిందటేడు వానాకాలంలో సారుకు పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. ముందు నేను, "సార్, టూత్‌పేస్ట్ కాదు, ఉప్పు కాగితంతోని తోముతున్నరా?" అన్నాను. ఆయన నవ్వారు. తరవాత చేతుల మీద నీలం మచ్చలు. మూడు మెట్లు ఎక్కితే ఆయాసం. రక్తపరీక్షలో ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోయి ఉన్నాయి. నడుం దగ్గర ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. అచ్చుయంత్రమే చెడిందన్నారు. చెడ్డ కాపీలు తీస్తోంది, త్వరలో అది రక్త క్యాన్సర్‌గా మారుతుంది అన్నారు. మారింది కూడా.

ఆసుపత్రిలో రక్తం డాక్టరమ్మ అడిగింది, "ఈయన ఎక్స్-రే పనిలో ఉన్నారు కదా, డోసు రికార్డు ఉందా?" అని. అక్క నాకు ఫోన్ చేసింది. ఫైలు తీసుకుపోయింది నేనే. డాక్టరమ్మ కాగితాలు తిప్పింది. మొదట్లో చిన్న చిన్న అంకెలు, మధ్యలో ఒక పెద్ద అంకె, దాని పక్కన బ్యాడ్జీకే తగిలిందన్న తీర్పు, ఆ తరవాత అన్నీ సున్నాలు. "వృత్తి వల్ల వచ్చిందనడానికి ఇందులో ఏమీ లేదు" అంది, పాపం మామూలుగానే. మంచం మీద సారు పైకప్పు వైపు చూస్తున్నారు. 

ఆమె వెళ్ళాక ఇక ఆగలేకపోయాను. అక్క మందులకు కిందికి వెళ్ళింది. మంచం పక్కన నిలబడి చెప్పేశాను. దుప్పటి, ఆరు రోజులు, కౌంటర్ కింద దొరికిందన్న అబద్ధం, అన్నీ.

నాకు లోలోపల ఓ ఆశ ఉండేది. "నాకప్పుడే తెలుసులేవోయ్" అంటారని. అలా అంటే ఎంత బాగుండేది! ఆయనకు తెలియదు. నన్ను చూసిన చూపులో అది కనిపించింది.

"నువ్వా?"

"నేనే సార్."

"ఆ స్టూల్ మీద నేను... నువ్వు రోజూ వచ్చి నాకు చాయ్ ఇచ్చేవాడివి."

"ఇచ్చిన సార్."

గోడ వైపు తిరిగి పడుకున్నారు. చేతికి సూది ఉంది, తిరగడం కష్టమే. అయినా తిరిగారు.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ పంపిన ఇడ్లీలు పట్టుకుని వరండాలో కూర్చునేవాణ్ణి. అక్క వచ్చి, "ఏమైంది తమ్ముడూ, మీ సారు నీ పేరెత్తితే కళ్ళు మూసుకుంటున్నారు?" అంది. ఆమెకూ చెప్పాను. ఆమె ఇడ్లీ డబ్బా నా చేతిలోంచి తీసుకుంది, లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. తిట్టినా బాగుండేది. ఊళ్ళో అందరినీ నోటితో కొట్టి బతికినవాణ్ణి, ఎవరైనా నన్ను కొడితే తట్టుకోగలను. అలా డబ్బా తీసుకుని వెళ్ళిపోతే ఏం చెయ్యాలో తెలియదు.

ఆ రెండు రోజుల్లో నేను చేయగలిగింది ఒక్కటే కనిపించింది. సారుకు రక్తం ఎక్కించాలి, మా ఇద్దరిదీ ఒకటే గ్రూపు. వెళ్ళి ఇచ్చి వచ్చాను. సంచి నంబరు బాల్‌పెన్నుతో అరచేతి మీద రాసుకున్నాను. అది ఆయనకే వెళ్ళేలా చూడమని బ్లడ్ బ్యాంకు వాళ్ళ ప్రాణం తీశాను.

మూడోనాడు ఉదయం పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి డాక్టరమ్మ ఉంది. సారు ఆమెతోనే మాట్లాడుతున్నారు.

"మేడమ్, ఆ కాగితాలు నమ్మకండి. బ్యాడ్జీ డబ్బాలో ఉండేది. గదిలో ఉన్నది నేను."

ఆమె ఫైలు మూసింది. తరవాత మెల్లిగా చెప్పింది. అసలు అంకె తెలిసినా, ఈ జబ్బు దానివల్లే వచ్చిందని ఎవరూ గట్టిగా చెప్పలేరట. వయసుతో కూడా ఇవి వస్తాయట. కిరణం తెంపిన దారం మీద సంతకం ఉండదట. "కానీ అంకె ముందే తెలిసుంటే మీరు జాగ్రత్తపడేవారు. పిల్లల్ని పట్టుకోవడం మానేసేవారేమో" అంది.

"మానేసేవాణ్ణి" అన్నారు సారు.

ఆమె వెళ్ళాక నా వైపు చూశారు. కూర్చోమనలేదు.

"ఏమోయ్ జిరాక్సూ. బ్యాడ్జీ చేత నువ్వు ఒక్కసారి అబద్ధం చెప్పించావు. తరవాత అన్నేళ్ళూ చెప్పించింది నేను. నాది నువ్వు మొయ్యకు. నీది నేను మొయ్యను."

"సార్, మాఫ్ చెయ్యుండ్రి అని అడగనీకె గూడ నాకు ముఖం లేదు."

"అడక్కు మరి. ఒక పని చెయ్యి. నేను పోయాక నువ్వేదో రాస్తావు, నాకు తెలుసు. పదో రోజు కార్డు మీదైనా రాస్తావు. మంచివాడు, మృదుభాషి అని ఆ చెత్త రాయొద్దు. బ్యాడ్జీ డబ్బాలో పెట్టాడు అని రాయి. పని చేసే పిల్లలెవరైనా చదువుతారు."

అందుకే రాశాను. పదో రోజు పంచే కార్డు మీద ఇంత పట్టదు గనక ఈ కాగితాల మీద రాశాను. సెంటర్లో ఇప్పుడు పనిచేసే అమ్మాయికి ముందే చదివి వినిపించాను. ఆమె హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, తన బ్యాడ్జీ బయటికి తీసి చున్నీకి పెట్టుకుంది. సెంటర్లు నడిపే పెద్దమనుషులకు కూడా ఒక్క మాట. రీడింగు ఎక్కువొచ్చిన మనిషిని స్టూల్ మీద కూర్చోబెట్టి సిగ్గుపడేలా చేస్తే, తరవాత వచ్చే రీడింగులన్నీ సున్నాలే అవుతాయి. నాకు చదువు లేదు గానీ ఇంత మాత్రం తెలిసింది. సారు జబ్బుకు నా చెయ్యి ఎంత కారణమో మాత్రం నాకు ఎప్పటికీ తెలియదు. డాక్టరమ్మకే తెలియదు.

ఆ మూడోనాడు మధ్యాహ్నం జరిగింది ఒక్కటి చెప్పి ఆపుతాను.

నర్సమ్మ రక్తం సంచి తెచ్చింది. అరచెయ్యి చూసుకున్నాను, నా నంబరే. సంచి మీద చిన్న స్టిక్కర్ అంటించి ఉంది. అదేమిటని అడిగితే, "ఇలాంటి పేషంట్లకి ఇచ్చే రక్తాన్ని ముందు రేడియేషన్‌లో పెడతామండీ" అంది. నేను అదిరిపడ్డాను. మళ్ళీ ఆ కిరణాలేనా? దేనికి?

సారు ముఖం మీద చాలా రోజులకు పాత మాస్టారి కళ వచ్చింది. "భయపడకోయ్. నీ తెల్లకణాలు నా ఒంట్లో దిగితే ఊరుకుంటాయా? నాకిప్పుడు ఎదిరించే బలం లేదు, అవి కాపీలు తీసుకుని నా మీదే పడతాయి. అందుకని వాటి దారాలు తెంపేస్తారు, ఇక కాపీ తియ్యలేవు. ఎర్రకణాలకేమీ కాదు. వాటిలో దారమే ఉండదు. తెగడానికి ఏమీ లేదు. నాలుగు నెలలు ఊపిరి మోసి, అణిగిపోతాయి."

"మరి రేడియేషన్ల పెట్టిండ్రని ఎట్ల నమ్మాలె సార్?"

"స్టిక్కర్ చెబుతుంది." నర్సమ్మను సంచి దగ్గరికి తెమ్మన్నారు. స్టిక్కర్ మధ్యలో చిన్న కిటికీ ఉంది. కిరణం తగలకముందు ఎర్రగా ఉంటుందట, తగిలితే నల్లబడుతుందట. సారు కళ్ళజోడు అడిగారు. అక్క తెచ్చి పెట్టింది, ఆమె నా వైపు చూడలేదు. ఆయన సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు, జీవితమంతా ఫిల్ములు పట్టుకున్నట్టే, రెండు వేళ్ళతో, కొసల దగ్గర.  ఆ నల్లటి కిటికీని చాలాసేపు చదివారు.

"పడింది" అన్నారు. "సరిగ్గా పడింది."

సంచి నర్సమ్మకిచ్చి, చెయ్యి చాపారు. నా రక్తం గొట్టంలో మెల్లగా దిగి, సూది దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళింది.